తిరుత్తణిని ఇచ్చి, సత్యవేడును పుచ్చుకుని

జూన్ నెలలో తెల్లారకముందే బంగారుపాళ్యం మామిడి మండీకి పోయి నిలబడితే ముందు ముక్కుకు తగిలేది పండు వాసన కాదు, సొన వాసన. కోసిన కాయ తొడిమ దగ్గర బొట్లుబొట్లుగా కారి, ట్రాక్టరు ట్రాలీ పలకల మీద ఎండి నల్లబడే సొన. చేతికంటితే చర్మం పొక్కుతుంది. తోతాపురి కాయ పొడుగ్గా, కొసన చిలకముక్కులా కొంచెం వంగి ఉంటుంది. దీన్నే బెంగళూరా అని కూడా అంటారు. పేరులోనే పక్క రాష్ట్రం ఊరుంది. ఇంట్లో తినడానికి కొనేవాళ్లు తక్కువ. గుజ్జు ఫ్యాక్టరీకి పోవలసిన కాయ ఇది. మండీ బయట రోడ్డు పక్కన ఆగిన బండ్ల నంబర్లు చదువుకుంటూ పోతే ఏపీ 03, కేఏ 07, టీఎన్ 23. చిత్తూరు, కోలారు, వేలూరు. మూడు రాష్ట్రాల బండ్లు, టీ అంగడి మాత్రం ఒకటే.

2025 జూన్‌లో తోతాపురి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను మరో 4 రూపాయలు కలుపుతాననీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. బయటి కాయ వచ్చిపడితే ఇక్కడి రైతుకు ఆ పన్నెండు రూపాయలు కూడా దక్కవన్న భయంతో, పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని చిత్తూరు జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇచ్చింది. చెక్‌పోస్టుల్లో మనుషుల్ని కాపలా పెట్టారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు గగ్గోలెత్తారు. వాళ్ల కాయకు దగ్గర్లో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీలన్నీ చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి మరి. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ ఆంక్ష ఎత్తేయమని చంద్రబాబు నాయుడుకు లేఖ రాశారు. కాయను చేతిలోకి తీసుకుని ఇది సరిహద్దులోని నంగలి చెక్‌పోస్టుకు అటుదో ఇటుదో చెప్పగల మొనగాడు ఎవడూ లేడు. బండిని చూసి, కాగితం చూసి చెప్పాల్సిందే.

ఈ జిల్లాలో ఇలా కాగితం చూసి గీతలు గీయడం కొత్తేమీ కాదు. అరవై ఐదేళ్ల కిందట కాయల్ని కాదు, ఊళ్లనే అలా విడదీశారు.

దండు దిగిన ఊరు

పాళ్యం అంటే దండు దిగిన చోటు. బంగారుపాళ్యం, పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు ఉన్న కంగుంది, ఇవన్నీ పాలెగాళ్లు ఏలిన సీమలు. మైసూరు పీఠభూమి నుంచి కిందికి దిగే మొగిలి కనుమ దారి ఈ ఊరి పక్కనే. పైన మైసూరువాళ్లు, కింద ఆర్కాటు నవాబు, మధ్యలో కనుమ కాచే పాలెగాడు. ఎవరు గెలిస్తే వాళ్లకు కప్పం కట్టడం, ఇద్దరూ తన్నుకుంటుంటే ఎవరికీ కట్టకపోవడం. హైదర్ అలీ 1782 డిసెంబర్ 7న కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే. ఆ రోజుల్లో సరిహద్దు అంటే ఒక గీత కాదు. ఏ ఏడు ఎవడి గుర్రాలు కనుమ దిగితే అప్పటికి అది సరిహద్దు.

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కుంపిణీ చేతికి పోయింది. దాంతోపాటే ఈ సీమా పోయింది. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. రాయలసీమ అనగానే నిజాం 1800లో వదులుకున్న దత్తమండలాలని అందరం అనేస్తాం. చిత్తూరు, తిరుపతి, కాళహస్తి ఆ లెక్కలోకి రావు. అవి నవాబు సొమ్ము. పాత చిత్తూరు జిల్లాలో నిజమైన దత్తమండలం మదనపల్లె, వాయల్పాడు వైపే. అంటే చిత్తూరు జిల్లా పుట్టుకతోనే రెండు వేర్వేరు గుడ్డల్ని కుట్టిన బొంత.

పాలెగాళ్లు 1804లో తిరగబడ్డారు, కుంపిణీ వాళ్లను అణచింది. తర్వాత వందేళ్లకు పైగా ఈ సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. తమిళులు గుర్తుంచుకోని సంగతి ఒకటుంది: ఆ ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్నం వేలూరు కాదు, చిత్తూరు. తెలుగువాళ్లు గుర్తుంచుకోని సంగతి ఇంకొకటి: ఆ జిల్లా జనంలో ఎక్కువమంది మాట్లాడింది తమిళం. వేలూరు, గుడియాత్తం, వాలాజా, ఆర్కాటు మనుషులు దావా వేయాలంటే చిత్తూరు కోర్టుకు రావాలి. ప్లీడరుకు రెండు భాషలూ రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

1911 ఏప్రిల్ 1న ఈ జిల్లాను విడగొట్టారు. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, తిరుత్తణి, పుత్తూరు వైపు తాలూకాలు, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు ఒకవైపు, కడప జిల్లా నుంచి తెచ్చిన మదనపల్లె, వాయల్పాడు ఇంకోవైపు. కలిపి చిత్తూరు జిల్లా అన్నారు. మిగిలిన ఉత్తర ఆర్కాటు ముఖ్యపట్నం వేలూరుకు మారింది. అప్పటికి అందరం మద్రాసు రాజధాని ప్రజలమే. ఏ తాలూకా ఏ జిల్లాలో పడితే ఎవరికేం నొప్పి? ఆ గీత పదునెంతో తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది.

శాసనం అరవం, సంకీర్తన తెలుగు

ఈ సీమ ఎవరిదన్న తగవులో తమిళులది పాత వాదన. తమ ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియం పీఠికలోనే తమిళనాటి ఎల్లలు చెప్పారు: ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి. వేంగడమంటే మన వేంకటాచలం. కొండ మీద శాసనాలు చదవండి అన్నారు. నిజమే, తిరుమల తిరుపతి ఆలయ శాసనాల్లో అత్యధికం తమిళంలోనే ఉన్నాయి. దానికి తెలుగువాళ్లు అన్నమయ్యను చూపించారు. రాగిరేకుల నిండా ఉన్న భాష ఏదో చూడండి అన్నారు. అదీ నిజమే. శాసనం వేయించింది అరవంలో, స్వామిని జోకొట్టింది తెలుగులో. రెండు ఆధారాలూ ఒకే కొండ మీద ఒకే దేవుడి దగ్గర కొన్ని వందల ఏళ్లు తగవు లేకుండా ఉన్నాయి. తగవు మనుషులకొచ్చింది.

తిరుత్తణిదీ అదే కథ. తమిళులకు అది మురుగన్ ఆరు పడైవీళ్లలో, అంటే ఆరు ముఖ్య క్షేత్రాల్లో, ఒకటి. కానీ ఆ ఊరు కార్వేటినగరం జమీందారీలోది. సారంగపాణి వేణుగోపాల పదాలు పుట్టిన తెలుగు కొలువు కార్వేటినగరం. అంటే గుడిలో దేవుడు తమిళులకు కులదైవం, గుడికి ధర్మకర్త తెలుగు రాజు.

చిత్తూరు జిల్లాలో ఆడికృత్తిక చూడనివాళ్లకు ఈ చిక్కు అర్థం కాదు. ఆ నెల పేరే చూడండి. మనకు ఆషాఢం ఉంది, శ్రావణం ఉంది, ఆడి లేదు. అయినా చిత్తూరు, నగరి, పుత్తూరు, పలమనేరుల్లో తెలుగు ఇళ్లలో ఎవరూ మరో పేరుతో దాన్ని పిలవరు. నాకు పదేళ్లప్పుడు మా అవ్వ కావడి మొక్కు తీర్చడానికి నన్నూ వెంటబెట్టుకుని పోయింది. పసుపు బట్టలు, కొత్తగా గీయించుకున్న గుండుకు గంధం. భుజం మీద కావడి. వంచిన కర్రకు పసుపు గుడ్డ చుట్టి, బంతిపూల దండలు వేలాడదీసి, రెండు కొసలా నెమలీకలు కట్టినది. తేలికే గానీ, జనంలో తిప్పుకుంటూ పోవాలంటే మెడ పట్టేస్తుంది. నగరి దాటి కొంచెం దూరం పోగానే మైలురాళ్ల మీద అక్షరాలు మారిపోయాయి. నేను గాభరా పడ్డాను. కొండకు మెట్లు 365, ఏడాదిలో రోజుకొకటి. ఎక్కుతున్నవాళ్లంతా హరోం హరా అంటున్నారు. ఆ కేక ఏ భాషదో నాకిప్పటికీ తెలీదు. మధ్య మండపంలో కూర్చున్నప్పుడు అడిగాను.

"అవ్వా, ఇది మన రాష్ట్రం కాదా?"

"సామి మనోడే నాయినా. గవుర్మెంటు మారిండాది, అంతే."

తలకాయా, తలనగరమా

1952లో పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టినప్పుడు ఆంధ్ర రాష్ట్రం కావాలన్న కోరికలో మద్రాసు నగరం కూడా ఉంది. 'మద్రాసు మనదే' అన్న నినాదం కోస్తా నుంచి చిత్తూరు దాకా గోడలెక్కింది. అవతలి పక్కన మ.పొ.శివజ్ఞానం ఉన్నారు. అచ్చు కూర్చే కార్మికుడిగా బతుకు మొదలుపెట్టి తమిళరసు కళగం స్థాపించిన మనిషి. తల ఇచ్చయినా తలనగరాన్ని కాపాడుకుంటామన్నది ఆయన మాట. నగరం దగ్గరే ఆగలేదు. తిరుత్తణి తాలూకాలో మంగళంకిళార్ అనే తమిళ పండితుడితో కలిసి ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపారు. తిరుత్తణి, పుత్తూరు, చిత్తూరు, తిరుపతి దాకా కావాలన్నారు.

శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి డిసెంబర్ 15న ప్రాణం వదిలారు. నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా అది ఏర్పడింది. మద్రాసు అటే ఉండిపోయింది. చిత్తూరు జిల్లా మొత్తం, తిరుత్తణితో సహా, ఇటు వచ్చింది. జిల్లాను ముక్క చేయకుండా ఉన్నదున్నట్టు పంచడం తేలిక కాబట్టి అలా చేశారు. తెలుగువాళ్లు రాజధాని పోయిందని ఏడుస్తుంటే, తిరుత్తణి తమిళులు తమ ఊరే పోయిందని రోడ్డెక్కారు. అరెస్టులు జరిగాయి. జైలుకు పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. 'ఎల్లై కావలర్' అంటే సరిహద్దు కావలివాళ్లు అన్న పేరుతో తమిళనాడు ప్రభుత్వం ఆ ఉద్యమకారులకు పింఛను ఇస్తూ వచ్చింది.

మన పక్క కూడా సభలు, తీర్మానాలు, హర్తాళ్లు తక్కువేమీ కాదు. కానీ నిజం చెప్పుకోవాలంటే మన పెద్దల మనసు మద్రాసు మీదున్నంత తిరుత్తణి మీద లేదు. 1956 తర్వాత చూపంతా హైదరాబాదు వైపు తిరిగింది. జిల్లాకు ఒక మూల ఉన్న తాలూకా ఎవరికి గుర్తుంటుంది?

పంచాయితీకి మూడో మనిషి

అటు కామరాజ్, ఇటు నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ కాంగ్రెస్ ముఖ్యమంత్రులే. ఒకే పార్టీ కాబట్టి సరిహద్దు తగాదా తేలికగా తేలిపోయిందని కొందరంటారు. నేనలా అనుకోను. మహారాష్ట్ర, కర్ణాటక తగవు పడే బెళగావి దగ్గర కూడా రెండు పక్కలా కాంగ్రెస్సే ఉండేది, అది ఈనాటికీ తేలలేదు. ఇక్కడ తేలడానికి కారణం వేరే. పల్లెల్లో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ఇద్దరికీ చుట్టం కాని మూడో మనిషిని పిలుస్తారు. అలాంటి మనిషి దొరికాడు.

హరి వినాయక్ పటాస్కర్. మరాఠీ ప్రాంతపు వకీలు. నెహ్రూ ప్రభుత్వంలో న్యాయ వ్యవహారాల మంత్రిగా 1955, 56ల్లో హిందూ వివాహ, వారసత్వ బిల్లుల్ని పార్లమెంటులో నడిపించినవాడు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇప్పించిన చేతి మీదే తెలుగు, తమిళ రాష్ట్రాలకు వాటాలు తేల్చే పని పడింది. 1957లో ఆయన ఇచ్చిన సలహాను రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి.

ఆయన పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. తాలూకాను కాదు, ఫిర్కాను కాదు, ఊరిని లెక్కలోకి తీసుకో. ఆ ఊళ్లో ఏ భాషవాళ్లు సగానికి పైన ఉన్నారో చూడు. ఆ ఊరు అదే భాష ఊళ్లకు ఆనుకుని ఉందో లేదో చూడు. ఆనుకుని ఉంటే అటు పంపు. చుట్టూ వేరే భాష ఊళ్లుండి మధ్యలో ఒంటరిగా ఉంటే ఉన్నచోటే వదిలెయ్. శాసనాలూ, కావ్యాలూ, రాజులూ, దేవుళ్లూ ఈ లెక్కలోకి రారు. వేంగడం ఎవరిదని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఇప్పటికీ కోర్టులో నడుస్తుండేది.

కానీ ఆ 'సగానికి పైన' అన్న మాట దగ్గరే నాకు కొంచెం పేచీ ఉంది. జనాభా లెక్కలవాడు ఇంటి ముందు నిలబడి మాతృభాష ఏది అనడుగుతాడు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. పెళ్లిపత్రిక తెలుగు, వడ్డీలెక్క అరవం. తల్లి అత్తవారిల్లు నగరి, పుట్టిల్లు పళ్లిపట్టు. ఆమె జోలపాట ఏ గడిలో రాయాలి? ఫారంలో ఒకటే గడి ఉంటుంది. అరవయ్యేళ్లుగా మనం చర్చించేదంతా తెలుగు ఊళ్లు అటుపోయాయా, తమిళ ఊళ్లు ఇటొచ్చాయా అని. రెండు భాషల ఇల్లు అన్నది ఒకటుందని ఆ గీత గీసినప్పుడు లెక్కకు రాలేదు. గీసే పద్ధతిలో అది రావడానికి వీలూ లేదు. అందుకు పటాస్కర్‌ను తప్పు పట్టను. కొలబద్దతో నీళ్లు కొలవలేం.

మాట్లాడకూడని ఇద్దరు

ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టాన్ని పార్లమెంటు 1959 డిసెంబర్‌లో ఆమోదించింది. ఆ ఏడాది చట్టాల్లో అది 56వది. దాని చివరి షెడ్యూళ్లు తిరగేస్తే తాలూకావారీగా ఊళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కో పేరు ఒక్కో కుటుంబాల గుంపు, ఒక్కో చెరువు, ఒక్కో అమ్మవారు. చదివేవాడికి మాత్రం వరస నంబర్లు.

ఆ రోజు రెండు సభల్లో అధ్యక్ష స్థానాల్లో ఎవరున్నారో చూడండి. లోక్‌సభ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుచానూరులో పుట్టి, 1957లో చిత్తూరు నియోజకవర్గం నుంచి గెలిచిన మనిషి. తన నియోజకవర్గం పక్కనే ఉన్న ఊళ్లు జిల్లా దాటిపోయే బిల్లు మీద సభ నడపాల్సింది ఆయనే. రాజ్యసభ ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్. నెల్లూరు సీమ సర్వేపల్లి ఇంటిపేరుతో 1888లో పుట్టింది తిరుత్తణిలోనే. సాక్షాత్తూ ఆ ఊరే చేతులు మారుతోంది. సభాపతి కుర్చీలో కూర్చున్నవాడికి ఆ సభలో తన ఊరి గురించి మాట్లాడే హక్కుండదు. ఇద్దరూ నిబంధనలు చదివి, ఓట్లు లెక్కపెట్టించే కుర్చీల్లో ఉన్నారు. ఈ జిల్లా కథలో నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునే దృశ్యం ఇదే.

రాధాకృష్ణన్ పుట్టిన ఇల్లు కదలకుండా ఎన్ని చోట్లకు ప్రయాణం చేసిందో లెక్కేయండి. పుట్టినప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1960లో మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. 1969లో ఆ మద్రాసు పేరే తమిళనాడు. ఆ తర్వాత తిరువళ్లూరు జిల్లా.

1960 ఏప్రిల్ 1న గీత మారింది. అప్పటికి సంజీవరెడ్డి దిగి దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పళ్లిపట్టు ప్రాంతం, చిత్తూరు, పుత్తూరు వైపు మరికొన్ని ఊళ్లు కలిసి 405 చదరపు మైళ్ల నేల అటు పోయింది. దాని మీద ఉన్న జనం 2,40,000 దాకా. బదులుగా చెంగల్పట్టు జిల్లా పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి సత్యవేడు ప్రాంతం, సేలం జిల్లా కృష్ణగిరి వైపు కొద్దిపాటి ఊళ్లు ఇటొచ్చాయి. 326 చదరపు మైళ్లు, 95,000 మంది. నేల లెక్కలో పెద్ద తేడా లేదు. మనుషుల లెక్కలో ఇచ్చింది రెండింతలకు పైనే. ఇందులోనే మనవాళ్ల ఏడుపంతా ఉంది.

ఆ ఏడుపు సగమే న్యాయం. 'తిరుత్తణి పోయింది' అనే పెద్దమనిషి 'సత్యవేడు వచ్చింది' అనడం నేనెప్పుడూ వినలేదు. అప్పట్లో సత్యవేడు అంటే చవుడు నేలలు, జీడితోటలు, మద్రాసు కూలి బండ్లు. ఇప్పుడక్కడ శ్రీసిటీ ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో కార్లు, ఏసీలు, సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలు. చెన్నై రేవుకు దగ్గర, ఆంధ్రా రాయితీలకు లోపల. ఆ గీత అక్కడ పడకపోతే శ్రీసిటీ వచ్చేది కాదు. ఇంకో ముచ్చట. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి తాగునీళ్లు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ కండలేరు నుంచి ఈ వైపుగానే పోయి ఊత్తుకోట దగ్గర తమిళనాట అడుగుపెడుతుంది. మద్రాసు మనది కాలేదు గానీ మద్రాసు కుళాయి మన చేతిలో ఉంది.

మగ్గం, బడి

అటు పళ్లిపట్టు, పొదటూరుపేట. ఇటు నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు. రెండు పక్కలా చెవులు చిల్లులు పడేలా మరమగ్గాల చప్పుడు. ఒకే నూలు, ఒకే రంగుల అంగళ్లు, చాలాసార్లు ఒకే షావుకారు. తమిళనాడు మరమగ్గాలకు కొన్ని యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇస్తుంది. నగరి నేతగాళ్లు ఎప్పుడు అర్జీ పెట్టినా ఆ లెక్కే ముందు చెబుతారు. గీత ఇలాంటి చోట్లే తెలిసివస్తుంది. కరెంటు బిల్లులో, రేషన్ బియ్యం ధరలో, బస్సు టికెట్‌లో. ఆరణి నదిలో వరదొచ్చి పిచ్చాటూరు ప్రాజెక్టు గేట్లెత్తిన రోజు మాత్రం నీళ్లు చెక్‌పోస్టు దగ్గర ఆగవు. అప్పుడు రెండు జిల్లాల అధికారులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు.

అసలు అన్యాయం బడిలో జరిగింది. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనే రాజ్యాంగానికి ఏడో సవరణ చేసి 350ఏ అధికరణం చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించడం రాష్ట్రాల పని అని దాని అర్థం. గీత గీసి జనాన్ని అటూ ఇటూ పంపుతున్నప్పుడు ఇచ్చిన మాట అది. తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఒకటో తరగతి నుంచి అందరికీ తమిళం తప్పనిసరి. ఆ పిల్లలు పదో తరగతికి చేరిన 2016 నాటికి హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి వైపు తెలుగు మాధ్యమం పిల్లలకు అసలు ముప్పు తెలిసొచ్చింది. తమిళం చెప్పే అయ్యవార్లను చాలాచోట్ల పెట్టనే లేదు, పరీక్ష మాత్రం పెట్టారు. పిల్లలు హైకోర్టుకు పోయి మినహాయింపు తెచ్చుకున్నారు. తర్వాత సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

మనమేం తక్కువ తినలేదు. నగరి, చిత్తూరు, కుప్పం వైపు తమిళ మాధ్యమం బడుల గురించి అమరావతిలో ఎవరైనా మాట్లాడగా విన్నారా? 2019లో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమం చేస్తామని జీవో ఇచ్చినప్పుడు రాష్ట్రమంతా తెలుగు కోసం గుండెలు బాదుకుంది. హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు సంబరం చేసుకుంది. సరిహద్దు ఊరిలో తమిళ వాచకం పట్టుకున్న పిల్ల ఆ చర్చలో ఏ మూలా కనిపించలేదు. హోసూరు తెలుగు పిల్లలకు జరిగిందాని మీద మన పత్రికల్లో సంపాదకీయాలు వచ్చాయి. నగరి తమిళ పిల్ల మీద ఏదీ నా కంటబడలేదు.

గీసిన గీతలు, గీయని గీతలు

ఇంత చెప్పాక కూడా నా తీర్పు ఇది: స్వతంత్ర భారతంలో తెగిన సరిహద్దు తగాదాల్లో ఇంత మర్యాదగా తెగింది మరొకటి దొరకడం కష్టం. మహారాష్ట్ర ఇప్పటికీ బెళగావి కోసం అడుగుతున్నది ఇదే. ఊరే కొలత, ఆనుకుని ఉండాలి, ఎక్కువమంది భాష చూడాలి. దాన్ని పటాస్కర్ సూత్రమనే అంటారు. కర్ణాటక 1967 నాటి మహాజన్ నివేదిక దగ్గర భీష్మించుకుని కూర్చుంది. మహారాష్ట్ర 2004లో సుప్రీంకోర్టుకెక్కింది. అంతదూరం ఎందుకు? మన ఉత్తరాన సాలూరు పైన కొఠియా గ్రామాలున్నాయి. 21 పల్లెలు. అవి ఒడిశావా ఆంధ్రవా అన్నది 1968లో కోర్టుకు పోయింది, 2021లో మన పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్లీ పోయింది. అక్కడి జనానికి రెండు రాష్ట్రాల కార్డులున్నాయి, సరైన రోడ్డు కోసం మాత్రం తంటాలే. ఆ పల్లెల పక్కన పెట్టి చూస్తే తిరుత్తణి పోగొట్టుకున్నా చిత్తూరు మనిషి అదృష్టవంతుడే.

అయితే గీత పని గీయడంతో అయిపోదు. పంపకం అయ్యాక అన్నదమ్ములు బావి ఎవరు ఎప్పుడు తోడుకోవాలో మాట్లాడుకుంటారు కదా. ఆ మాటలు మనకు జరగలేదు. అందుకే మామిడి ధర పడ్డ ప్రతిసారీ గీత మళ్లీ పైకి లేస్తుంది. నంగలి చెక్‌పోస్టు దగ్గర ఆగిన బండిలో కాయ ఎండకు కుళ్లిపోతుంటే, కోలారు రైతుకూ బంగారుపాళ్యం రైతుకూ గుజ్జు ఫ్యాక్టరీ యజమాని చెప్పే జవాబు ఒకటే: పోయినేటి గుజ్జే అమ్ముడుపోలేదు, ఇప్పుడు కొత్త కాయెందుకు? ధర పడగొట్టింది కోలారు లారీ కాదు, గోదాములో నిలిచిపోయిన డబ్బాలు. చెక్‌పోస్టుతో వాటిని ఎలా ఆపుతారు?

ఇప్పుడు బెంగళూరు నుంచి చెన్నైకి వేస్తున్న ఎక్స్‌ప్రెస్ వే కూడా బంగారుపాళ్యం మీదుగానే పోతుంది. బైరెడ్డిపల్లి నుంచి బంగారుపాళ్యం, బంగారుపాళ్యం నుంచి గుడిపాల అని ముక్కలుగా కట్టారు. పూర్తయితే మూడు రాష్ట్రాలు దాటడానికి మూడు గంటలు చాలంటున్నారు. మొగిలి కనుమలో గుర్రాలు దిగిన కాలం నుంచీ ఈ ఊరు దారి మీది ఊరే. ఇక్కడి మనిషికి మూడు భాషల్లో బేరమాడటం వచ్చు. "ఎన్న విలై?" అంటే "ఎనిమిది" అంటాడు, "ఎష్టు?" అన్నా "ఎనిమిదే" అంటాడు.

అయ్యా కలెక్టర్లూ, వచ్చే సీజన్‌కు ముందే, మే నెలలో, చిత్తూరు, కోలారు, కృష్ణగిరి నుంచి ముగ్గురూ ఒకచోట కూర్చోండి. ఏ ఫ్యాక్టరీ ఎంత కాయ తీసుకుంటుందో, ఏ ధరకో కాయ కోయకముందే తేల్చండి. వస్తూ వస్తూ నగరి తమిళ బడికీ తిరుత్తణి తెలుగు బడికీ ఎంతమంది అయ్యవార్లు కావాలో ఆ కాగితం కూడా పట్టుకురండి. కూర్చోవడానికి చోటు లేదనుకోకండి. బంగారుపాళ్యం మండీలో రేకుల షెడ్డుంది. మే నెల మొదట్లో ఖాళీగానే ఉంటుంది.